మన వెబ్‌సైట్ చూపులేనోళ్ళకి పనిచెయ్యకపోతే నోటీసు వస్తుందా? రాకముందే ఏం చెయ్యాలంటే

నెల్లూరులో పదేళ్ళ నించి వెబ్‌సైట్లు చేస్తా ఉండా, లాడ్జీలు, కోచింగ్ సెంటర్లు, ఒంగోల్లో రెండు బట్టల షాపులు కూడా. పోయినేడు ఒక ఆస్పత్రికి ఓపీ బుకింగ్ పేజీ చేసిచ్చా, అందరూ బాగుందన్నారు. ఆర్నెల్లకి కావలి నించి ఒక మాస్టారు ఫోన్ చేశారు, ఆయనకి చూపు లేదు, తెర మీద ఉండేది ఫోనే చదివి వినిపిస్తుంది, "ఏందబ్బాయ్, నీ పేజీ తెరిస్తే నా ఫోను బటన్, బటన్, బటన్ అంటానే ఉంది, ఏ బటన్ దేనికో చెప్పదే" అన్నారు. ఆయన కంప్లైంట్ పెట్టలా, పెట్టుంటే ఏమయ్యేదా అని ఆ రాత్రి చట్టం ముందరేసుకుని కూర్చున్నా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 46 ఉంది, జనానికి సర్వీస్ ఇచ్చేవాళ్ళు గవర్నమెంటైనా ప్రైవేటైనా రూల్స్ వచ్చిన రెండేళ్ళలో ఆ సర్వీస్ దివ్యాంగులకి అందేట్టు చెయ్యాలని. రూల్స్ 2017 జూన్‌లో వచ్చినాయి, అంటే గడువు 2019లోనే అయిపోయింది, మనమేమో ఇంకా హోమ్ పేజీలో బ్యానర్లు తిప్పుకుంటా ఉండాం. ఫైను సెక్షన్ 89లో: మొదటిసారి 10 వేల దాకా, మళ్ళీ తప్పు చేస్తే 50 వేలకి తగ్గకుండా 5 లక్షల దాకా. కంపెనీ అయితే సెక్షన్ 90 కింద ఆ వ్యవహారం చూసే మనిషి కూడా ఇరుక్కోవచ్చు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం కూడా రాజ్యాంగంలో బతికే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కిందికే వస్తుందని చెప్పింది, యాసిడ్ దాడిలో కళ్ళు పోయినవాళ్ళని కేవైసీలో రెప్పలు ఆర్పమన్న యవ్వారం అది.

నిజం చెప్పాలంటే 10 వేలు పెద్ద లెక్కేం కాదు. ఈ చట్టం కింద కంప్లైంట్లు చూసే దివ్యాంగుల కమిషనర్‌కి సివిల్ కోర్టు పవర్స్ ఉంటాయి, పిలిపిస్తారు, కాయితాలు అడుగుతారు, సైటు మళ్ళీ మొదట్నించి చెయ్యాల, ఖర్చంతా అక్కడ. అమెరికా క్లయింట్లకి చేసే కుర్రోళ్ళయితే ఇంకా జాగర్త, అక్కడ ఏడీఏ (వాళ్ళ దివ్యాంగుల చట్టం) కేసులు మామూలే, డొమినోస్ పిజ్జా అంతటిదే తన మీద పడిన ఇట్టాంటి కేసు ఆపమని 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయినా వాళ్ళు వినలా. మీ కాంట్రాక్టులో నష్టం నువ్వే కట్టాలనే లైన్ ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇక పని. ముందు మీ ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టాక్‌బ్యాక్ (తెర మీదది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) ఆన్ చెయ్యండి (ఆపడం తెలీక అల్లాడొద్దు, చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కితే ఆగిపోతుంది, అది షార్ట్‌కట్‌లో ముందే ఆన్ చేసి పెట్టుకోండి). వేలు కుడికి జరిపితే తర్వాత దానికి పోతుంది, రెండుసార్లు కొడితే నొక్కినట్టు. కళ్ళు మూసుకుని మీ సైట్లో ఒక ఆర్డర్ పెట్టి చూడండి. యాడ ఆగిపోతారో అదే మీ రిపేర్ లిస్టు. కంప్యూటర్లో అయితే మౌస్ పక్కనబెట్టి ట్యాబ్ కీతోనే చివరి దాకా పోండి, కంప్యూటర్లో చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీనే.

మన దగ్గర అన్నిటికంటే పెద్ద జబ్బు అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లో కొట్టించిన ఫీజుల లిస్టు పీడీఎఫ్ అట్టాగే ఎక్కిస్తాం, చూడ్డానికి తెలుగే, స్క్రీన్ రీడర్ చదివితే మాత్రం ఇంగ్లీషు అక్షరాల చెత్త. యూనికోడ్‌లో (మనం ఫోన్లో కొట్టే తెలుగు అదే) మళ్ళీ టైప్ చేయించండి, కుదరకపోతే ఆ వివరాలు పేజీలోనే రాయండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టే రేట్ల బోర్డు కూడా ఇంతే, దానికి ఆల్ట్ టెక్స్ట్‌గా (ఫోటో బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు) "ఫోటో1" అని కాదు, రేట్లే రాయాల. లేత బూడిద రంగు అక్షరాలు ముసలోళ్ళకి కూడా కనపడవు, కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా, కనీసం 4.5కి ఒకటి ఉండాల. మనిషేనా అని బొమ్మలు చూపించి అడిగే క్యాప్చా తీసెయ్యండి, వీడియోకి క్యాప్షన్లు పెట్టండి.

ఒక్క లైను కోడ్ పెడితే చాలు, సైటంతా సరైపోద్దని అమ్మే ప్లగిన్లు కొనొద్దు. అట్టాంటి ఆక్సెసీబీ అనే కంపెనీకే అమెరికాలో 2025లో పది లక్షల డాలర్లు పడినాయి, లేని గొప్పలు చెప్పుకున్నందుకు.

చేసిన ప్రతి రిపేరూ తారీఖు వేసి రాసి పెట్టుకోండి. ఇబ్బందైతే చెప్పమని ఒక ఫోన్ నంబర్, మెయిల్ సైట్లో పెట్టండి, పెట్టినాక ఆ ఫోన్ ఎత్తండి. నోటీసే వస్తే మూలన పడెయ్యకండి, కమిషనర్ సిఫార్సు చేస్తే మూడు నెల్లలోపు ఏం చేశామో తెలపాల.

మాస్టారికి కొత్త లింకు పంపించా. డాక్టర్ పేరు, టైము అన్నీ చదివిందంట, ఓటీపీ దగ్గిర మాత్రం టైపు చేసేలోపే టైం అయిపోతా ఉందంట. ఇప్పుడు దాని మీదే కూర్చోనుండా.