ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో జాగ్రత్తలు: ఏది మామూలు, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన ఆడవాళ్లు చాలామంది గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) తీయించుకోవడానికి విశాఖపట్నమో, శ్రీకాకుళమో, బరంపురమో వెళ్తారు. ఆపరేషన్ చేసిన డాక్టరు అక్కడ, పచ్చి కుట్లతో మనం ఇక్కడ. ఏదైనా తేడాగా అనిపిస్తే "వచ్చే వారం రివ్యూకి వెళ్తాం కదా, అప్పుడు చెబుదాంలే" అని ఓర్చుకుంటారు. ఆ ఓర్పే ప్రాణం మీదికి తెస్తుంది. గర్భసంచిని ఉంచి గడ్డలు మాత్రమే తీసిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

డిశ్చార్జి రోజే కాగితాలు అడగండి

పొట్ట కోశారా, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) చేశారా, కింది నుంచి తీశారా, రక్తం ఎక్కించారా, హిమోగ్లోబిన్ ఎంత, కుట్లు ఎప్పుడు తీయాలి అన్నవి డిశ్చార్జి సమ్మరీలో ఉన్నాయో లేదో చూసుకోండి. రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాయించుకోండి. కాగితాలన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అవి చేతిలో ఉంటే ఏ ఊరి డాక్టరైనా వెంటనే వైద్యం మొదలుపెట్టగలరు.

భయపెట్టినా మామూలుగా తగ్గిపోయేవి

లాప్రోస్కోపీ అయిన వాళ్లకి భుజం నొప్పి వస్తుంది. పొట్టలో నింపిన గ్యాస్ కొంత మిగిలి, ఊపిరితిత్తుల కిందున్న పొరను ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇంట్లోనే మెల్లగా నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. మత్తు కోసం గొట్టం వేస్తే గొంతు నొప్పి ఉంటుంది. కొన్నాళ్లు కొద్దికొద్దిగా రక్తం కనపడటం, పొట్ట ఉబ్బరం, కుట్ల చుట్టూ మొద్దుబారినట్టుండటం కూడా మామూలే. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

వీటికి మాత్రం ఆగొద్దు

గంటకో ప్యాడ్ తడిసిపోవడం. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం (ఇంట్లో థర్మామీటరు తప్పకుండా ఉండాలి, చేత్తో చూసి చెప్పలేం). కుట్ల నుంచి చీము, కింది నుంచి దుర్వాసనతో స్రావం. మందు వేసుకున్నా పెరిగే కడుపునొప్పి. పొట్ట బిగుసుకుపోయి, గ్యాస్ పోకుండా వాంతులు కావడం. మూత్రం రాకపోవడం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. ఆ రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి. కళ్లు తిరిగి పడిపోవడం లోపల రక్తం పోతోందనడానికి గుర్తు కావచ్చు.

ఇలాంటప్పుడు విశాఖ రైలు టైము చూసుకోవద్దు. దగ్గర్లోని జిల్లా ఆసుపత్రికి ముందు వెళ్లండి, దారిలో ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేయండి. అంబులెన్సుకి 108 ఒడిశాలోనూ, ఆంధ్రాలోనూ పనిచేస్తుంది. అవసరమైతే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు వాళ్లే చేస్తారు.

పత్యం పేరుతో మంచినీళ్లు ఆపకండి

కుట్లు చీము పడతాయని మంచినీళ్లు తగ్గించి, పప్పు, గుడ్డు మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అత్తగారికి నొచ్చుకోకుండా చెప్పండి: గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, నీళ్లు తగ్గితే మలబద్ధకం వచ్చి ముక్కాల్సి వస్తుంది, అప్పుడు కుట్లు లాగేస్తాయి. డాక్టరు వేరేగా చెప్పకపోతే పప్పు, గుడ్డు, చేప, ఆకుకూరలు, పళ్లు పెట్టొచ్చు.

పొట్ట కోసి చేస్తే కోలుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, లాప్రోస్కోపీకి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందాకా నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తొద్దు, చంటిపిల్లల్ని కూడా. ఇంట్లో మగవాళ్లు ఈ పనులు అందుకోవాల్సిందే. అలాగని మంచానికే అంటుకుపోవద్దు, రోజూ కాసేపు నడవాలి.

తర్వాత చూసుకోవాల్సినవి

మొదటి ఒకటి రెండు నెలసరులు ఆలస్యంగానో, ఎక్కువగానో రావచ్చు. ఆపరేషన్‌కి ముందు గడ్డ చిన్నదవడానికి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఒళ్లంతా వేడి ఆవిర్లు వస్తాయి, నెలసరి ఇంకాస్త ఆలస్యమవుతుంది. పిల్లలు కావాలనుకునే వాళ్లు ఎన్ని నెలలు ఆగాలో డాక్టర్ని అడగాలి, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలంటారు. గర్భసంచి గోడ లోతుగా కోసి ఉంటే కాన్పు సిజేరియన్ కావాల్సి రావచ్చు, కాబట్టి గర్భం రాగానే పాత ఆపరేషన్ కాగితం చూపించాలి. తీసిన గడ్డని బయాప్సీకి (అది ఎలాంటి గడ్డో తేల్చే ల్యాబ్ పరీక్షకి) పంపుతారు. ఆ రిపోర్టు కోసం మీరే గుర్తు చేసి, రివ్యూ రోజున చేతికి తీసుకోండి.