నక్షత్ర తాబేలుకు మళ్లీ మళ్లీ వచ్చే ఊపిరితిత్తుల జబ్బు: నా అనుభవం

ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో ఎవరింట్లోనో పట్టించుకోకుండా పడి ఉన్న నక్షత్ర తాబేలును అటవీశాఖ వాళ్లు తెచ్చారు. దాని సంరక్షణలో నేనూ సాయం చేస్తున్నాను. ముక్కులోంచి బుడగలు, మెడ సాచి నోరు తెరిచి ఊపిరి తీయడం, మేత ముట్టకపోవడం. మందు వాడితే తగ్గేది, చలి పెరగగానే మళ్లీ మొదలు.

ముక్కులో చుక్కలు, పగటి ఎండ, ఇంకో యాంటీబయాటిక్, ఏదీ నిలవలేదు.

పనిచేసింది రాత్రి వేడి. కోరాపుట్ కొండల చలి తెలిసిందే కదా. తాబేలు ఒళ్లు చల్లబడితే రోగంతో పోరాడే శక్తి మందగిస్తుంది. పైగా మనలా దగ్గలేదు కాబట్టి కఫం లోపలే ఉండిపోతుంది.

ముందు వెలుగు రాని సిరామిక్ హీటర్ బల్బును, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలిపి బిగించాం. రాత్రి 28 డిగ్రీలకు తగ్గకుండా, పగలు ఒక మూల 34 దాకా. థర్మామీటర్ గోడకు కాదు, తాబేలు వీపు ఎత్తులో పెట్టాలి, ఇది చాలా ముఖ్యం. తడి గడ్డి తీసేసి పొడిది పరిచాం. వేడి కుదిరాకే డాక్టరు గారు కఫాన్ని, ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కు పంపి, దానికి తగిన ఇంజెక్షన్ ముందరి కాలికి ఇచ్చారు. ముక్కు ఆరినా కోర్సు ఆపలేదు. రోజూ గడ్డం మునగనంత గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, అన్నం బదులు మునగాకు, మందారాకు పెట్టాం. మొదట కొరికింది మందార పువ్వునే, ఎంత సంతోషం వేసిందో!

అన్నిటికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా అయితే లక్షణాలు పోయినా క్రిమి లోపలే ఉండొచ్చు, అందుకే దీన్ని ఇంకా మిగతా తాబేళ్లతో కలపలేదు. ఇంజెక్షన్ మోతాదు మాత్రం బరువు తూచి డాక్టరే చెప్పాలి.