కరెంటు లెక్క నేర్చుకుందాం – 4: రోజ్‌బడ్ కౌంటీకి మూడు సరిహద్దులు

పోయిన మూడు పాఠాల్లో కిలోవాటుకీ యూనిట్‌కీ తేడా ఏంటో, మీటరు ఎలా చదవాలో, బిల్లులో ఏ చార్జీ దేనికో చూశాం. ఈసారి కాగితం, కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని కూర్చోండి, ఒక కౌంటీ (అమెరికాలో మన జిల్లా లాంటిది) మొత్తాన్నీ లెక్కేద్దాం.

ఏ కౌంటీ గురించైనా జనం అడిగేవి మూడు ప్రశ్నలు. ఇంటి కరెంటు రేటెంత? అక్కడ కరెంటు ఎంత తయారవుతోంది? దానివల్ల గాల్లోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ పోతోంది? మూడింటికీ ముందు ఒకే కౌంటీ పేరు ఉంటుంది కాబట్టి మూడు జవాబులూ ఒకే చోటుకి సంబంధించినవి అనుకుంటాం. అక్కడే లెక్క తప్పుతుంది. రేటుకి సరిహద్దు మీకు కరెంటు అమ్మే సంస్థ. ఉత్పత్తికి సరిహద్దు ప్లాంటు కట్టిన నేల. ఉద్గారాలకి సరిహద్దు మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదే, మిగతాదంతా దీనికి సాధన.

ఉదాహరణకి అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని రోజ్‌బడ్ కౌంటీని తీసుకుంటున్నాను. రాష్ట్రానికి ఆగ్నేయాన ఉంటుంది, ఎల్లోస్టోన్ నది దాని గుండా పారుతుంది. విస్తీర్ణం దాదాపు 5,000 చదరపు మైళ్లు, జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 8,300 చిల్లర. కౌంటీ కేంద్రం ఫోర్సైత్. దక్షిణాన నార్తర్న్ షయాన్ అనే అమెరికా ఆదివాసీ తెగకి కేటాయించిన రిజర్వేషన్ భూమి, మధ్యలో కోల్‌స్ట్రిప్ అనే చిన్న టౌను. 1924లో నార్తర్న్ పసిఫిక్ రైల్వే తన ఆవిరి ఇంజన్ల బొగ్గు కోసం పెట్టిన ఊరు అది. ఇప్పుడు అక్కడ పెద్ద థర్మల్ ప్లాంటు ఉంది. పల్లె కౌంటీ, పెద్ద ప్లాంటు: మన పాఠానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

రేటు

జేబుకి తగిలేది ఇదే కాబట్టి దీంతో మొదలుపెడదాం. అమెరికా ఇంధన సమాచార సంస్థ, అంటే ఈఐఏ, ఏటా ఫారం 861 అనే డేటా ఉచితంగా పెడుతుంది. అందులో ముందు సర్వీస్ టెరిటరీ ఫైలు తెరిచి మీ కౌంటీ పేరుతో వడపోయండి, అక్కడ కరెంటు అమ్మే సంస్థల పేర్లు బయటపడతాయి. రోజ్‌బడ్‌కి ఒక్క పేరు రాదు. టౌన్లలో నార్త్‌వెస్టర్న్ ఎనర్జీ లాంటి ప్రైవేటు కంపెనీలు ఉంటాయి, పల్లెల్లో, రాంచుల్లో కోఆపరేటివ్‌లు ఉంటాయి. యాష్‌ల్యాండ్ కేంద్రంగా పనిచేసే టంగ్ రివర్ ఎలక్ట్రిక్ కోఆపరేటివ్ అలాంటిదే. కాబట్టి "రోజ్‌బడ్ కౌంటీ రేటు" అన్న వస్తువే లేదు, ఈ సంస్థ రేటు, ఆ సంస్థ రేటు మాత్రమే ఉంటాయి. ఎవరైనా వెబ్‌సైట్లో కౌంటీకి ఒకే రేటు చూపిస్తే అది ఏదో ఒక సగటు అని గుర్తుపెట్టుకోండి.

సంస్థ పేరు దొరికాక అదే ఫారంలో ఇళ్ల నుంచి వచ్చిన రాబడిని ఇళ్లకి అమ్మిన యూనిట్లతో భాగించండి, సగటు రేటు వస్తుంది. 2023లో దేశం మొత్తానికి ఇలా చేస్తే యూనిట్‌కి సుమారు 16 సెంట్లు. మోంటానా సగటు అంతకన్నా తక్కువే.

అయితే సగటు రేటు చూసి మీ బిల్లుని అంచనా వేయకండి, పల్లె కోఆపరేటివ్‌ల దగ్గర అసలే వేయకండి. సాధన కోసం నేనే కొన్ని అంకెలు వేస్తున్నాను, ఇవి ఏ సంస్థ టారిఫూ కాదు. నెలకి స్థిర చార్జీ 35 డాలర్లు, ఆపైన యూనిట్‌కి 9.5 సెంట్లు అనుకుందాం. నెలకి 850 యూనిట్లు కాల్చే ఇంటికి 80.75కి 35 కలిపితే 115.75 డాలర్లు, అంటే యూనిట్ 13.6 సెంట్లు పడింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ 250 యూనిట్లే కాల్చితే బిల్లు 58.75, యూనిట్ ఏకంగా 23.5 సెంట్లు. చలికాలంలో కరెంటు హీటర్లతో 2,000 యూనిట్లు దాటించిన ఇంటికి యూనిట్ 11 సెంట్ల చిల్లరకే వచ్చేస్తుంది. ఒకే టారిఫ్, మూడు ఇళ్లకి మూడు రేట్లు. పొదుపుగా వాడేవాళ్లకే యూనిట్ ఖరీదు ఎక్కువ పడటం నాకు న్యాయంగా అనిపించదు, కానీ ఎందుకలా పెట్టారో కూడా తెలుసుకోవాలి. అమెరికా కోఆపరేటివ్‌లకి లైను మైలుకి సగటున 8 మంది వినియోగదారులే ఉంటారు, ప్రైవేటు కంపెనీలకైతే 30 మందికి పైనే. స్తంభం, వైరు, ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు మాత్రం మైలుకి మైలే, దాన్ని ఎనిమిది ఇళ్లే పంచుకోవాలి.

ఈ కోఆపరేటివ్ పద్ధతి మనకి కొత్త కాదు. 1930ల మధ్యలో అమెరికా పల్లె రైతుల్లో పదిమందిలో ఒకరికే కరెంటు ఉండేది. 1936 గ్రామీణ విద్యుదీకరణ చట్టం కింద రైతులే సంఘాలు పెట్టుకుని అప్పు తెచ్చి లైన్లు వేసుకున్నారు. ఆ అనుభవమే తర్వాత మన దేశానికి వచ్చింది. 1969లో రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ పుట్టింది, ఆ వెంటనే దేశంలో మొదటి విడతగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో మన సిరిసిల్ల సెస్ ఒకటి. సిరిసిల్లవాళ్లు ఎవరైనా ఈ పాఠం చదువుతుంటే టంగ్ రివర్ సంగతి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

ఉత్పత్తి

ఇప్పుడు ఈఐఏ ఫారం 860కి వెళ్లండి. అక్కడ ప్రతి ప్లాంటు పక్కన కౌంటీ పేరు, సామర్థ్యం ఉంటాయి, యజమానుల వాటాలకి విడిగా ఒక షీటు ఉంటుంది. చాలామంది తెరవనిది ఆ షీటే. ఫారం 923లో ఏ నెల ఎంత తయారైందో, ఎంత బొగ్గు కాలిందో ఉంటుంది.

కోల్‌స్ట్రిప్‌లో నాలుగు యూనిట్లు కట్టారు (ఇక్కడ యూనిట్ అంటే జనరేటర్, బిల్లులో యూనిట్ కాదు). 1, 2 నంబర్లు 1975–76లో మొదలై 2020 జనవరిలో మూతపడ్డాయి. 3, 4 నంబర్లు 1984, 1986లో మొదలయ్యాయి, ఒక్కోటి సుమారు 740 మెగావాట్లు. అంటే ఇప్పుడున్నది 1,480 మెగావాట్లు, అంటే 14.8 లక్షల కిలోవాట్లు. ఏడాదికి 8,760 గంటలు. ప్లాంటు ఎప్పుడూ నిండుగా నడవదు, 70 శాతం వేసుకుందాం. 14.8 లక్షలు × 8,760 × 0.7 చేస్తే సుమారు 907 కోట్ల యూనిట్లు. మీరు చేసేటప్పుడు 70 శాతం బదులు 923లోని అసలు అంకె వాడండి.

అదే కౌంటీలో ఇళ్లెన్ని? సాధనకి 3,200 అనుకుందాం. నెలకి 850 చొప్పున ఒక్కో ఇల్లు ఏడాదికి 10,200 యూనిట్లు, అన్నీ కలిపి 3.26 కోట్లు. తయారయ్యే దాంట్లో అర శాతం కూడా కాదు. ఇంకోలా చూస్తే, కౌంటీలోని ఇళ్లన్నిటికీ ఏడాది పొడుగునా సరిపోయే కరెంటుని ఆ ప్లాంటు ఒకటిన్నర రోజులోపే తయారుచేస్తుంది.

మిగతాదంతా ఎటు పోతుంది? చాలావరకు 500 కిలోవోల్ట్ లైన్ల మీద పడమటికి పోతుంది. యజమానుల షీటు చూస్తే రెండు జనరేటర్లలోనూ పుజెట్ సౌండ్ ఎనర్జీకి 25 శాతం, పోర్ట్‌లాండ్ జనరల్ ఎలక్ట్రిక్‌కి 20, అవిస్టాకి 15, పసిఫికార్ప్‌కి 10 అని కనిపించేది. మిగిలిన 30 శాతం మూడోదాంట్లో టాలెన్ అనే కంపెనీది, నాలుగోదాంట్లో నార్త్‌వెస్టర్న్‌ది. పుజెట్ సౌండ్ ఎనర్జీ కరెంటు ఇచ్చేది వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు. పోర్ట్‌లాండ్ జనరల్ ఇచ్చేది ఒరెగాన్‌లోని హిల్స్‌బరో, బీవర్టన్ వైపు. ఆ ఊళ్లలో మన తెలుగు ఇళ్లు ఎన్నున్నాయో నేను వేరే చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి అక్కడి దీపాల కరెంటులో ఒక వాటా రోజ్‌బడ్ కౌంటీ బొగ్గుది.

ఇక్కడ అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది: ప్లాంటు ఇంటి పక్కనే ఉంటే కోల్‌స్ట్రిప్ వాళ్లకైనా కరెంటు చవగ్గా రావాలి కదా? రాదు. ఎందుకు రాదో తెలియాలంటే మోంటానా పవర్ కంపెనీ కథ వినాలి. ఒకప్పుడు ఆ కంపెనీకే ఆనకట్టలు, కోల్‌స్ట్రిప్‌లో వాటా, లైన్లు అన్నీ ఉండేవి, రేట్లు తక్కువగా ఉండేవి. 1997లో రాష్ట్ర శాసనసభ విద్యుత్ రంగాన్ని పోటీకి వదిలేస్తూ చట్టం చేసింది. 1999 చివర్లో కంపెనీ తన ఆనకట్టల్ని, బొగ్గు ప్లాంటు వాటాల్ని పెన్సిల్వేనియాకి చెందిన పీపీఎల్‌కి అమ్మేసి, ఆ డబ్బుతో టచ్ అమెరికా పేరుతో టెలికాం వ్యాపారంలోకి దిగింది. 2003లో అది దివాలా తీసింది. లైన్ల వ్యాపారాన్ని 2002లో కొన్న నార్త్‌వెస్టర్న్‌కి సొంత ప్లాంట్లు పెద్దగా లేకపోవడంతో మార్కెట్లో కరెంటు కొనుక్కుంటూ వచ్చింది. చివరికి 2014లో ఆ పాత ఆనకట్టల్నే దాదాపు 90 కోట్ల డాలర్లు పెట్టి తిరిగి కొంది. జనం ఒకసారి కట్టిన ఆస్తికే మళ్లీ బిల్లులో కడుతున్నారు. రేటుని తేల్చేది ప్లాంటు దగ్గరా దూరమా అన్నది కాదు, అది ఎవరి చేతిలో ఉంది, రేట్లు ఖరారు చేసే కమిషన్ ఏ ఖర్చుని ఒప్పుకుంది అన్నవే.

ఉద్గారాలు

ఇప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే ఈగ్రిడ్ డేటా తెరవండి. ఇందులో ప్లాంటు వారీ షీటు ఒకటి, గ్రిడ్‌ని విడగొట్టిన ఉపప్రాంతాల వారీ షీటు ఒకటి ఉంటాయి. ఏది వాడాలో మీ ప్రశ్నే చెప్పాలి.

"ఈ కౌంటీ పొగగొట్టాల నుంచి ఎంత పోతోంది?" అన్నది ప్రశ్న అయితే ప్లాంటు షీటు. అక్కడి బొగ్గుతో తయారైన ఒక్కో యూనిట్‌కి కిలో పైన, సుమారు 1.05 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుందనుకోండి. 907 కోట్లని 1.05తో గుణిస్తే ఏడాదికి 95 లక్షల టన్నులు. దీన్ని 8,300 మందికి పంచితే తలకి 1,100 టన్నులు దాటుతుంది. అమెరికాలో మనిషి సగటు 14 టన్నుల దగ్గర ఉంటుంది. ఈ 1,100 పట్టుకుని "రోజ్‌బడ్ జనం దేశంలోకెల్లా పెద్ద కాలుష్యకారులు" అని పటం గీసేవాళ్లుంటారు. దయచేసి అలాంటి పటం షేర్ చేయకండి. భాగహారం సరిగ్గానే ఉంది, పైన ఒక సరిహద్దు అంకె, కింద ఇంకో సరిహద్దు అంకె పెట్టారు, అంతే.

"నా ఇంటి వాడకం వల్ల ఎంత?" అన్నది ప్రశ్న అయితే ఉపప్రాంతం షీటు. గ్రిడ్ ఒక పెద్ద చెరువు లాంటిది, ఏ వాగు నీళ్లు ఏ తూములోంచి వచ్చాయో విడదీయలేం, అందుకే కలిపి సగటు తీస్తారు. ఈగ్రిడ్‌లో కోల్‌స్ట్రిప్ వాయవ్య ఉపప్రాంతం కిందికి వస్తుంది. కొలంబియా నది ఆనకట్టలు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి 2022 లెక్కలో అక్కడి సగటు యూనిట్‌కి సుమారు 270 గ్రాములే. మన 10,200 యూనిట్ల ఇంటికి ఏడాదికి 2.75 టన్నులు. అదే ఇంటికి ప్లాంటు అంకె వాడితే 10.7 టన్నులు వస్తుంది. చిమ్నీ కిటికీలోంచి కనిపిస్తున్నా ఇంటి లెక్కకి వాడాల్సింది 270 గ్రాములే.

కానీ కార్బన్ డయాక్సైడ్‌తో లెక్క అయిపోదు. అది ఎక్కడ వదిలినా ప్రపంచమంతా ఒకేలా పరుచుకుంటుంది కాబట్టి వాడినవాళ్ల ఖాతాలో రాయొచ్చు. దుమ్ము, గంధకం, బూడిద అలా కాదు, అవి ఎక్కడ పడితే అక్కడివాళ్లవే. కోల్‌స్ట్రిప్ బూడిద చెరువుల నుంచి ఊట భూగర్భజలంలోకి దిగింది, దాన్ని శుభ్రం చేసే పని ఏళ్లుగా సాగుతోంది. ఇది ఏ ఉపప్రాంతం సగటులోనూ కనిపించదు. అందుకే దీనికి మాత్రం కౌంటీ సరిహద్దే సరైన సరిహద్దు. నార్తర్న్ షయాన్ తెగవాళ్లు ఈ సంగతి అందరికన్నా ముందు పట్టుకున్నారు. 3, 4 జనరేటర్లు ఇంకా కాగితం మీద ఉండగానే, 1977లో, తమ రిజర్వేషన్ గాలికి జాతీయ పార్కులకి ఇచ్చే క్లాస్ 1 రక్షణ సాధించుకున్నారు, అలా స్వచ్ఛందంగా అడిగి తెచ్చుకున్న మొదటివాళ్లు వాళ్లే. దాని వల్లే ఆ రెండిటికీ అప్పట్లో గట్టి కాలుష్య నియంత్రణ పరికరాలు పెట్టాల్సి వచ్చింది. ఈ పాఠం మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించిన విషయం ఇది.

ఇంకో మెలిక ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం 2019లో చేసిన చట్టం ప్రకారం 2025 తర్వాత అక్కడి వినియోగదారుల రేట్లలో బొగ్గు కరెంటు ఖర్చు ఉండకూడదు. అందుకే పుజెట్ సౌండ్, అవిస్టా తమ వాటాల్ని నార్త్‌వెస్టర్న్‌కి వదిలేయడానికి ముందే ఒప్పందాలు చేసుకున్నాయి. వాటా చేతులు మారితే వాషింగ్టన్ ఖాతాలో కార్బన్ తగ్గుతుంది, కోల్‌స్ట్రిప్ గొట్టంలోంచి వచ్చేది మాత్రం ప్లాంటు ఎన్ని గంటలు నడిచిందన్న దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఎవరైనా "మేం ఇంత తగ్గించాం" అన్నప్పుడు 923 తెరిచి ప్లాంటు నడక తగ్గిందో లేదో కూడా చూడండి.

ఈ వారం సాధన

మీరుంటున్న కౌంటీ తీసుకోండి. 861లో మీ సంస్థ సగటు ఇంటి రేటు కట్టండి, పక్కన మీ కిందటి నెల బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి రాయండి, తేడాలో స్థిర చార్జీ ఎంతో తేల్చండి. 860లో మీ కౌంటీ ప్లాంట్లని వడపోసి యజమానుల షీటులో మీ సంస్థ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పేరు ఏ కౌంటీ ప్లాంటు పక్కన కనిపిస్తుందో వెతకండి, మీ రోజ్‌బడ్ అదే. ఆఖరుగా మీ ఏడాది యూనిట్లని వెయ్యితో భాగించి, ఉపప్రాంతం సగటుతో గుణించండి. ఈగ్రిడ్‌లో ఆ సగటు వెయ్యి యూనిట్లకి ఇన్ని పౌండ్లు అని ఉంటుంది, 2,205తో భాగిస్తే టన్నుల్లోకి వస్తుంది. ఐదో పాఠంలో ఇదే కాగితం మీద ఇంటి పైకప్పు సోలారు, నెట్ మీటరింగు కలుపుతాం, కాబట్టి పారేయకండి.