పాత కారులో కూలెంట్ లీకు: వెతకడం, సరిచేయడం

కారు కింద నేల తడిగా కనబడగానే చేతికందిన హోసు క్లిప్పులన్నీ బిగించేయకండి. అలా చేస్తే లీకు కాసేపు ఆగినట్టే ఉండి, ఎక్కడ నుంచి వస్తోందో తెలిసే దారి మూసుకుపోతుంది. ముందు చోటు తేలాలి, తర్వాతే పానా పట్టాలి.

అసలు అది లీకేనా అన్నది మొదటి ప్రశ్న. ఓవర్‌ఫ్లో డబ్బా లేని పాత కార్లలో రేడియేటర్‌ను మెడ దాకా నింపితే, వేడికి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉబ్బి, ఎక్కువైనది సన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. అది దాని సహజం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మెడకు 2-3 సెంటీమీటర్లు కింద ఉంటే చాలు, లోపలి ట్యూబులు మునిగి ఉండాలంతే. అక్కడ గుర్తు పెట్టుకుని రెండు మూడు రోజులు నడపండి. ఆ గుర్తు దగ్గరే నిలబడితే సమస్య లేదు, ఇంకా దిగుతుంటేనే వెతకాలి.

వెతకడానికి ప్రెజర్ టెస్టర్‌ను, అంటే రేడియేటర్ మెడకు బిగించే, ప్రెజర్ చూపే ముల్లున్న చేతిపంపును మించిన పనిముట్టు లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. మూత మీద ఎంత ప్రెజర్ రాసి ఉందో చూడండి. పాత కార్లలో 4, 7, 13 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) లాంటి అంకెలు కనిపిస్తాయి. అంతవరకే పంపు కొట్టండి. దాటితే రేడియేటర్ టాంకీ అతుకులు విచ్చుకుంటాయి. 15 నిమిషాలు వదిలి ముల్లు చూడండి. దిగిందంటే టార్చి పట్టుకుని కింద నుంచి పైకి వెతుకుతూ వెళ్లండి. నీరు కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కీ కొట్టుకుపోతుంది కాబట్టి చుక్క పడే చోటు కాదు, తడి మొదలైన అన్నిటికంటే పై చోటే అసలు చోటు. ఎండిపోయిన లీకు తెల్లగానో పచ్చగానో తుప్పు రంగులోనో చార వదులుతుంది.

ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే రెండే దారులు: హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చదనమిచ్చే చిన్న రేడియేటర్), లేదా ఇంజిన్ లోపల. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, అద్దానికి తియ్యటి వాసనతో జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ కోరే. దానికి వెళ్లే రెండు గొట్టాలను ఒకదానికొకటి కలిపేసి కొన్నాళ్లు నడిపితే రూఢి అవుతుంది. ముల్లు అసలు కదలకపోతే రేడియేటర్ మూతను అడాప్టర్‌తో టెస్టర్‌కు తగిలించి పరీక్షించండి. ఒక్కో పీఎస్ఐకి కూలెంట్ మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. మూత స్ప్రింగు చచ్చిపోతే ఆ రక్షణ పోయి కూలెంట్ ముందే మరిగి పొర్లిపోతుంది. అలాగని 4 పీఎస్ఐ మూత స్థానంలో 13ది పెట్టకండి, రేడియేటర్ తట్టుకోదు.

హోసు పైపులు నొక్కి చూడండి. మెత్తగా స్పంజిలా ఉన్నా, క్లిప్పు పక్కన ఉబ్బినా, పగుళ్లు కనబడినా మార్చేయడమే.

వాటర్ పంపు షాఫ్టు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి కారుతుంటే లోపల సీలు పోయిందని అర్థం. దాన్ని సీలెంట్‌తో మూసేయడం కంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు: నీరు బేరింగులోకి చేరి గ్రీజును కడిగేస్తుంది, బేరింగు విరిగితే ఫ్యాను రేడియేటర్‌ను కోసేస్తుంది. ఇంజిన్ ఆపి ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపి చూడండి. వదులుగా ఊగుతుంటే పంపు మార్చాలి.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) మూత సాధారణంగా అల్యూమినియంది. ఎక్కువ బిగిస్తే బోల్టుల దగ్గర వంగి మధ్యలో సందు వస్తుంది. మందపాటి గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి, మూతను గుండ్రంగా రుద్దుతూ దాని అడుగు ముఖమంతా సమానంగా మెరిసేదాకా చదును చేయండి. గుంటలు లోతుగా తినేసి ఉంటే కొత్తదే వేయాలి.

ఎక్కువ ఓపిక కావలసింది కోర్ ప్లగ్గుల దగ్గర. బ్లాకు పక్కలో గుండ్రంగా కనబడే ఈ రేకు బిళ్లలు లోపలి నుంచి తుప్పు పడతాయి. బ్లాకు అడుగున, ముఖ్యంగా వెనుక వైపు, మడ్డి పేరుకునే చోట ఉన్నవి ముందు పోతాయి. పైకి చిన్న తుప్పు చుక్కలా కనబడినా స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దూరిపోతుంది. ఒకటి పోతే మిగతావీ అదే వయసువి, అందుబాటులో ఉన్నవన్నీ ఒకేసారి మార్చడం మేలు. బ్లాకు డ్రెయిన్ ప్లగ్గు విప్పి నీరు దింపండి. నీరు రాకపోతే మడ్డి అడ్డం పడిందన్నమాట, తీగతో పొడవండి. బిళ్ల ఒక అంచున డ్రిఫ్టు (మొద్దు మొనున్న ఇనుప కడ్డీ) పెట్టి కొడితే అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు ప్లయర్స్‌తో లాగండి. పూర్తిగా లోపలికి నెట్టేస్తే సిలిండర్ గోడ పక్కన ఇరుక్కుని నీటి దారికి అడ్డుపడుతుంది. రంధ్రం అంచును తళుక్కుమనేదాకా సన్న ఎమరీతో శుభ్రం చేసి, పలచగా సీలెంట్ రాసి, లోపలి అంచుకు సరిపడే సాకెట్‌తో తిన్నగా కొట్టండి. ఇత్తడి బిళ్లలు దొరికితే అవే వేయండి, తుప్పు పట్టవు.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానమైతే రేడియేటర్ మూత తీసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కొత్తగా నింపినప్పుడు వచ్చే కొన్ని బుడగలు ఆగిపోతాయి. ఆగకుండా వస్తూంటే, యాక్సిలరేటర్‌తో పెరుగుతుంటే సిలిండర్ గ్యాసు నీటిలోకి తన్నుతోంది. నీలిరంగు ద్రవం ఉండే టెస్టర్‌ను మెడ మీద పెడితే ఆ గ్యాసుకు పసుపుగా మారుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి చూడండి, మిగతావి మసిగా ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండరే. ఆయిల్ మూత కింద కొంచెం మీగడ ఉంటే చిన్న ప్రయాణాల తేమ కావచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా పాలలా ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి. హెడ్ దింపాక స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి, దాని కింద 0.1 మిల్లీమీటర్ ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) ఎక్కడైనా దూరితే చదును చేయించడానికి మెషినింగ్‌కు పంపండి. నీటి జాకెట్‌లోకి (సిలిండర్ల చుట్టూ కూలెంట్ పారే ఖాళీలోకి) దిగే బోల్టులు కొన్ని ఇంజిన్లలో ఉంటాయి, వాటి మరలకు సీలెంట్ తప్పనిసరి. బిగింపు మాన్యువల్ చెప్పిన వరుసలో, మూడు విడతలుగా.

లీకు ఆపే పొడులు, ద్రవాలు పోయకండి. అవి రంధ్రం కన్నా ముందు రేడియేటర్ సన్న ట్యూబులను, హీటర్‌ను మూస్తాయి.

నింపేటప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. అది -37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కుళాయి నీరు పొలుసు పట్టిస్తుంది. దింపిన కూలెంట్‌ను ట్రేలో పట్టి మూత ఉన్న డబ్బాలో దాచండి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిపాటిదే ప్రాణం తీస్తుంది, పిల్లలకూ అంతే ప్రమాదం. హీటర్ కంట్రోల్ వేడి వైపు తెరిచి, కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంచి, పై హోసు పిసుకుతూ నెమ్మదిగా పోయండి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోసు వేడెక్కాక ఆపి, చల్లారాక మట్టం సరిచూసి, క్లిప్పులు ఇంకోసారి బిగించి, ప్రెజర్ పరీక్ష మళ్లీ చేయండి.