ఇంజన్ మార్చే ముందు 5 ఎం.ఎల్. ఆయిల్

పాత బండి కిక్ మెత్తగా పడుతూ, గుట్ట ఎక్కలేకపోతే "ఇంజన్ పోయింది, సెకండ్ హ్యాండ్‌ది ఎక్కిద్దాం" అంటారు. నల్లగొండలో నాకూ అదే మాట.

ఇంజన్ చల్లారాక తాళం ఆఫ్ చేసి స్పార్క్ ప్లగ్ విప్పండి. సిరంజితో 5 ఎం.ఎల్. ఇంజన్ ఆయిల్ లోపలికి వేసి, ప్లగ్ లేకుండానే నాలుగైదు కిక్కులు కొట్టండి. మొహం దూరంగా పెట్టండి, నా చొక్కా అట్లనే పాడైంది. ప్లగ్ బిగించి మళ్లీ కొడితే గట్టిపడిందా, పిస్టన్ రింగులో, బోరో (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. అదే మెత్తదనం ఉంటే చాలావరకు వాల్వుల దగ్గర లీకు. ముందు మెకానిక్‌కు ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) చూపించండి. నాది అదే, అస్సలు సందు లేదు.

ఆయిల్ ఎక్కువైతే ఏ ఇంజనైనా గట్టిగానే అనిపిస్తుంది. టూ స్ట్రోక్ బండ్లకు ఈ లెక్క కుదరదు.