ఇంట్లో కయాక్‌లు పెరిగాయా? సెలవులకు జనం రాకముందే ఇవి చూసుకోండి

ఈమధ్య మాకు తెలిసినవాళ్ల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఒకటి మునిగింది. గాలి లేదు, అలలు లేవు. చెరువు మధ్యకు వెళ్లాక పడవ వెనక భాగం కిందికి దిగింది, కాసేపటికి ఒక పక్కకు ఒరిగి బోల్తా పడింది. అందులో ఉన్నాయన చుట్టపుచూపుగా వచ్చిన మనిషి, అంతకుముందు తెడ్డు పట్టి ఎరగడు. లైఫ్ జాకెట్ ఉండబట్టి బతికాడు. ఒడ్డుకు లాక్కొచ్చి చూస్తే డ్రెయిన్ ప్లగ్ లేదు, అంటే లోపలి నీళ్లు తీసే కన్నానికి పెట్టే బిరడా. కొత్త కయాక్‌ది పోయిందని ఎప్పుడో దీనిది పీకి దానికి పెట్టారట.

లైఫ్ జాకెట్ వేసుకోండి, వాతావరణం చూసుకోండి లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. పడవలు ఎక్కువైన ఇళ్లలో జరిగే తప్పు వేరే ఉంది.

ఒక్క కయాక్ ఉన్నప్పుడు దాని ప్లగ్ దానికే, దాని సీటు దానికే. మూడోదో నాలుగోదో వచ్చేసరికి ఇల్లు పాత సామాన్ల కొట్టులా తయారవుతుంది. దీని సీటు దానికి, దాని హ్యాచ్ (సామాను పెట్టే అర) మూత దీనికి. మంచివన్నీ మనం ఎక్కే పడవకు చేరతాయి. మిగిలిన డొక్కుదాన్ని ‘ఎవరైనా వస్తే పనికొస్తుందిలే’ అని గోడకు ఆనిస్తాం. వాళ్లు రానే వస్తారు. అప్పుడు ఏం చేస్తాం? ఏమీ తెలియని మనిషికి ఇంట్లోకెల్లా అధ్వానమైన పడవ ఇస్తాం.

మంచి పడవ కొత్తవాళ్లకు ఇవ్వండి, పాతది మీరు తీసుకోండి. పాతదాంట్లో ఎక్కడానికి మీకే మనసొప్పకపోతే, అందులో ఇంకెవర్నీ ఎక్కించకూడదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, సిట్-ఆన్-టాప్ కయాక్ (లోపల కాక పైన కూర్చునే రకం) లోపలంతా బోలు. నీళ్లు చేరినా పైకి కనపడవు. 40 లీటర్లు ఎక్కితే 40 కిలోలు, అదీ కుదురుగా ఉండే బరువు కాదు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెడుతుంది, దాంతో ఇంకా ఒరుగుతుంది. అలవాటున్నవాళ్లకు ‘ఇదేంటి, ఇంత మొండిగా తిరుగుతోంది’ అని అనుమానం వస్తుంది. కొత్తవాళ్లు మాత్రం తెడ్డు వేయడం తమకే చేతకావట్లేదనుకుని, ఇంకా గట్టిగా వేసి ఒడ్డుకు మరింత దూరం పోతారు.

కూర్చునేచోట ఉండే స్కప్పర్ కన్నాలు వేరు. అవి పైనుంచి కిందిదాకా ఉన్న గొట్టాలు, పైన పడ్డ నీళ్లు వాటిలోంచి కిందికి పోతాయి. వాటికి బిరడా లేనంత మాత్రాన పడవ మునగదు. కానీ ఆ గొట్టాలు పగిలితే నీళ్లు బోలులోకి వెళ్తాయి. చక్రాల బండి కడ్డీలను ఆ కన్నాల్లోకి దూర్చి రాళ్ల మీద ఈడ్చుకెళ్లేవాళ్లకు ఈ పగుళ్లు మామూలే.

ఇంటి దగ్గరే పరీక్ష చేయండి. కయాక్‌ను రెండు స్టాండ్ల మీద పెట్టి, ప్లగ్ కన్నంలోంచి రెండు బకెట్ల నీళ్లు పోసి మూసేయండి. కింద నేల పొడిగా ఉండాలి. ముందుకీ వెనక్కీ, పక్కలకీ వంచి కాసేపు అలాగే ఉంచండి. ఒక్కోసారి చుక్క పడదు, వెంట్రుకంత గీత వెంబడి సన్నగా చెమ్మ మాత్రం పాకుతుంది. వేలితో తుడిచి చూడండి. మళ్లీ వస్తే అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టండి. ప్లాస్టిక్ కయాక్‌లు ఎక్కువగా పాలిథిలీన్‌తో చేస్తారు, దానికి మామూలు జిగురు పట్టదు, అదే రకం ప్లాస్టిక్‌తో వెల్డింగ్ చేయించాలి.

లోపల కూర్చునే రకమైతే ముందూ వెనకా గాలి నిలిచే అరలు గానీ, గాలి సంచులు గానీ ఉండాలి. సామాను పట్టట్లేదని సంచులు తీసేశారా? తిరగబడితే ఆ పడవ నిండా నీళ్లే, దాన్ని మళ్లీ నిలబెట్టి నీళ్లు తోడేయడం ఇద్దరికైనా చాలా కష్టం.

ఇక దాచే సంగతి. హ్యాండిళ్లకు తాడు కట్టి కప్పుకు వేలాడదీయకండి, నెలల తరబడి అలా ఉంటే ప్లాస్టిక్ పడవ నడుము వంగిపోతుంది. రెండు కొసల నుంచి సుమారు పావు వంతు లోపలికి వెడల్పాటి పట్టీలు వేసి, పక్కవాటుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగుది సొట్టపోతుంది. చిన్న సొట్ట ఎండకు దానంతటదే సర్దుకోవచ్చు, పగులు మాత్రం సర్దుకోదు.

కప్పుకు కొట్టిన హుక్ గట్టి దూలంలోకే దిగాలి. ఫాల్స్ సీలింగ్‌కు వద్దు.
వేలాడే పడవ కింద పిల్లలు ఆడకూడదు. 25 కిలోలు తల మీద పడితే ఏమవుతుందో వివరించక్కర్లేదు.
గాలి నింపే రకాన్ని ఎండలో బిర్రుగా వదిలేయకండి, లోపలి గాలి వేడెక్కి అతుకులు ఊడతాయి.
తడిగా మడవకండి.
కాక్‌పిట్‌లో (కూర్చునే గుంటలో) చెయ్యి పెట్టే ముందు టార్చ్ వేసి చూడండి. పాములకూ కందిరీగలకూ అంతకన్నా హాయైన చోటు దొరకదు.
ఆరుబయట ఉన్నవాటిని నేలకు కట్టండి. ఖాళీ కయాక్‌ను పెద్ద గాలి ఈడ్చుకుపోతుంది.
ఎన్ని పడవలు దింపితే అన్ని లైఫ్ జాకెట్లు. వచ్చినవాళ్ల ఒంటికి సరిపోయేవి. మోకాళ్ల కింద వేసుకుని నలిపేసినవి లెక్కలోకి రావు.
ప్రతి ప్లగ్‌నూ సన్నటి తాడుతో దాని పడవకే కట్టేయండి. పీకి ఇంకోదానికి పెట్టొద్దు. ‘ఈ ఒక్కసారికే’ అని కూడా వద్దు.
దింపే ముందు ప్రతి కయాక్‌నూ ఎత్తి ఊపండి. లోపల గలగలమంటే నీళ్లు తీసేయండి, ఎలా వచ్చాయో తేలేదాకా దింపకండి.
మళ్లీ చెప్తున్నా, కొత్తవాళ్లకు మంచి పడవ.
ఇదంతా చూసుకునే తీరిక లేకపోతే రెండు అమ్మేయండి. పగిలినదాన్ని మాత్రం అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి. రంపం తెచ్చి మధ్యకు కోసేయండి.