క్రిస్మస్ చరిత్రపై పది నిమిషాల ప్రసంగం రాసుకోవడం ఎలా?

ఒంగోలు పరిసరాల క్రైస్తవ సంఘాలలో డిసెంబరు రాగానే సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ చరిత్ర చెప్పే పని ఎవరో ఒకరికి అప్పగిస్తారు. ఈసారి ఆ వంతు మీదైతే, ముందుగా మత్తయి, లూకా సువార్తల మొదటి రెండేసి అధ్యాయాలు చదివి, వాటిలో ఉన్నదాన్ని ఒక కాగితం మీద, మనం అలవాటుగా చేర్చుకున్నదాన్ని మరో కాగితం మీద రాసుకోండి. శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. వారు తెచ్చిన కానుకలు మాత్రమే మూడు. యేసు పుట్టిన తేదీ, నెల ఏ సువార్తలోనూ లేవు. ఏటా నాటకంలో ముగ్గురు కుర్రాళ్లకు జరీ తలపాగాలు చుట్టే మనకు ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే గాని, పిల్లలు చెవులు నిక్కించి వినేది దీన్నే.

తేదీ సంగతికి సగం సమయం కేటాయించినా తప్పులేదు. డిసెంబరు 25ను క్రీస్తు జన్మదినంగా పేర్కొన్న తొలి స్పష్టమైన ఆధారం రోములో 354లో కూర్చిన ఒక పంచాంగ సంకలనంలో ఉంది. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితులు భావిస్తారు. ఆ రోజునే ఎందుకు ఎంచుకున్నారన్న దానిపై రెండు వాదాలున్నాయి. రోమా చక్రవర్తి ఆరేలియన్ 274లో అజేయ సూర్యుని ఆరాధనకు రాజాదరణ కల్పించాడనీ, ఆ సూర్యుని పండుగ రోజున క్రైస్తవులు తమ పండుగను నిలిపారనీ మొదటి వాదం. మరియ గర్భం ధరించిన రోజు మార్చి 25 అని ఎంచి, దానికి తొమ్మిది నెలలు కలిపారని రెండోది. రెండూ చెప్పండి. మొదటిదాన్నే పట్టుకొని ఇది అన్యుల పండుగ అని తేల్చేయడం తొందరపాటని నా అభిప్రాయం.

అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రేచో గ్రామంలో పశువుల తొట్టె దృశ్యాన్ని ఏర్పాటు చేయడం, జర్మనీ ఇళ్ల నుంచి క్రిస్మస్ చెట్టు వ్యాపించడం, మైరా బిషప్ నికోలాస్ క్రమంగా శాంటా తాత కావడం, వీటికి ఒక్కో వాక్యం చాలు.

బాప్టిస్టులు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మాత్రం మరొక సంగతి చెప్పితీరాలి. మనకు సువార్త తెచ్చిన మిషనరీలు అమెరికా నుంచి వచ్చారు. ఆ దేశంలోని మసాచుసెట్స్‌లోనే 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది.

అక్కడి నుంచి సొంత గడ్డకు రండి. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషన్ ప్రారంభించడం, లైమన్ జ్యూవెట్ బృందం 1854 జనవరి 1న ఒంగోలు కొండపై ప్రార్థించడం, మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలంలో, కరవు వెనువెంటనే, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం వరుసగా చెప్పండి. మీ ఊరి తొలి క్రిస్మస్ ఎప్పుడో సంఘపు పాత రిజిస్టరులో వెతకండి, పెద్దలను అడగండి. రెండూ పొసగకపోతే రెండింటినీ అలాగే చెప్పండి.

చివరగా గడియారం పెట్టుకొని ఒకసారి పైకి చదవండి. పది నిమిషాలు దాటితే శాంటా తాతను తీసివేయండి, గుండ్లకమ్మను మాత్రం ఉంచండి.